కట్టింది 625 డాలర్లు, పక్క సీటులో అమ్మాయి కట్టింది 175: ఇన్‌స్టేట్ ఫీజు వెనకున్న కథ

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నవాళ్లు ఏదో ఒక రోజు ఈ మాట వినే ఉంటారు. "ఒక్క ఏడాది అదే స్టేట్‌లో ఉండు రా, రెండో ఏడాది నుంచి ఇన్‌స్టేట్ ఫీజే." కన్సల్టెన్సీలో చెప్తారు, సీనియర్లు చెప్తారు, ఒక్కోసారి మేనమామ కూడా చెప్తాడు. ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లకి ఇది దాదాపు ఎక్కడా వర్తించదు. ఎందుకు వర్తించదో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి, కనెక్టికట్ అనే చిన్న స్టేట్‌కి వెళ్లాలి. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

ముందు బేసిక్స్ చెప్పేసుకుందాం. అమెరికాలో పబ్లిక్ యూనివర్సిటీ అంటే స్టేట్ ప్రభుత్వ యూనివర్సిటీ. అక్కడి జనం కట్టే పన్నుల్లోంచి దానికి డబ్బు వెళ్తుంది. కాబట్టి ఆ స్టేట్ పిల్లలకి ఫీజు తక్కువ, బయటివాళ్లకి ఎక్కువ. ఈ ఏర్పాటు చాలా పాతది. ఇది న్యాయమేనా అని 1922లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. న్యాయమే అని కోర్టు తేల్చింది. తేడా ఎంత ఉంటుందంటే, ఇవాళ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డిగ్రీ చదివే బయటి స్టేట్ విద్యార్థి మామూలు ఫీజు మీద అదనంగా ఏడాదికి 30 వేల డాలర్లకు పైనే కట్టాలి. మన డబ్బుల్లో పాతిక లక్షలు దాటుతుంది. నాలుగేళ్లకి కోటి అనుకోండి.

ఇంత డబ్బు ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. నువ్వు ఏ ఊరివాడివి?

పాత రోజుల్లో దీనికి జవాబు చాలా ఈజీ. 21 ఏళ్లు నిండనివాడు మైనర్, మైనర్ ఇల్లు అంటే నాన్న ఇల్లు. నువ్వు ఎక్కడ పడుకుంటున్నావు, ఎక్కడ పని చేస్తున్నావు అనేది లెక్కలోకి రాదు. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంకా విచిత్రం, భర్త స్థిరనివాసం ఎక్కడో భార్యదీ అక్కడే అని చట్టం అనుకునేది. అంటే రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాకి పెద్ద తలనొప్పి లేదు. అబ్బాయైతే నాన్న ఎక్కడ, పెళ్లయిన అమ్మాయైతే భర్త ఎక్కడ, ఫైల్ క్లోజ్. సొంత కాళ్ల మీద నిలబడ్డ స్టూడెంట్ అనే కాలమ్ ఆ ఫారంలో దాదాపు లేనట్టే.

ఆ కాలమ్ రావడానికి కారణం, నమ్మినా నమ్మకపోయినా, వియత్నాం యుద్ధం. 18 ఏళ్లకే సైన్యంలోకి లాక్కెళ్తున్నారు, ఓటుకి మాత్రం 21 రావాలంటున్నారు, ఇదెక్కడి న్యాయం అని కుర్రకారు రోడ్లెక్కింది. 1971 జులై 1కి రాజ్యాంగానికి 26వ సవరణ ఆమోదం పొందింది. 18కే ఓటు. ఆ వెనకే ఒక్కో స్టేట్ మేజారిటీ వయసుని కూడా 21 నుంచి 18కి దించుకుంటూ వచ్చాయి. అదే ఏడాది కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: కాలేజీలో ఉన్న పిల్లలు ఓటు నమోదుకి వస్తే, "మీ ఇల్లు మీ అమ్మానాన్నల ఊరే కదా" అని ముందే అనుకోడానికి వీల్లేదు.

ఇది వినగానే యూనివర్సిటీల అకౌంట్స్ వాళ్లకి చెమటలు పట్టాయి. ఎందుకంటే 18 ఏళ్ల పిల్లాడు తన ఇల్లు తానే ఎంచుకోగలిగితే, బయటి స్టేట్ నుంచి వచ్చిన వేలమంది రేపు పొద్దున ఓటర్ కార్డు తీసుకుని, "నేనిప్పుడు ఇక్కడివాడినే, తక్కువ ఫీజు రాసుకోండి" అంటారు. ఎక్కువ ఫీజు అనే ఆదాయం మొత్తం పోతుంది.

ఇప్పుడు కనెక్టికట్‌కి వద్దాం. ఈ స్టేట్‌కి అప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంది. కొత్తగా వచ్చిన పేదవాళ్లకి ఏడాది నిండేదాకా సంక్షేమ సాయం ఇవ్వం అని రూల్ పెట్టుకుంటే, 1969లో షపీరో వర్సెస్ థాంప్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి వెళ్లి బతికే హక్కు పౌరుడికి ఉంది, వచ్చినందుకు శిక్ష వేయకూడదు అంది. ఐతే అదే తీర్పులో ఫుట్‌నోట్‌లో, ఓటుకీ కాలేజీ ఫీజుకీ ఉన్న నివాస నిబంధనల గురించి మేమిప్పుడేమీ చెప్పట్లేదు అని జాగ్రత్తపడింది.

1971లో కనెక్టికట్ కొత్త చట్టం చేసింది. పెళ్లై జీవిత భాగస్వామితో ఉంటున్న స్టూడెంట్ అయితే, అప్లికేషన్ పెట్టిన రోజున అడ్రస్ స్టేట్ బయట ఉంటే బయటివాడే. పెళ్లి కానివాళ్లయితే, అప్లికేషన్‌కి ముందు ఏడాదిలో ఎప్పుడైనా సరే అడ్రస్ బయట ఉంటే బయటివాడే. ఇక్కడిదాకా కొంచెం గట్టి రూల్ అనుకోవచ్చు. అసలు మెలిక తర్వాతి లైన్లో ఉంది: ఆ ముద్ర అక్కడ చదువుకున్నన్నాళ్లూ మారదు. మధ్యలో ఇల్లు కొనుక్కో, ఉద్యోగం చెయ్యి, పన్నులు కట్టు, ఓటెయ్యి, పిల్లల్ని కను. నువ్వు బయటివాడివే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, యూజర్ రికార్డ్ క్రియేట్ అయిన రోజే ఒక ఫీల్డ్ సెట్ చేసి, దాన్ని అప్‌డేట్ చేసే ఫంక్షనే రాయలేదు. బగ్ కాదు, కావాలనే అలా డిజైన్ చేశారు.

మార్గరెట్ మార్ష్ క్లైన్ అనే అమ్మాయి 1971లో కాలిఫోర్నియాలో కాలేజీ చదువుతోంది. పుట్టినప్పటి నుంచీ కనెక్టికట్‌లోనే పెరిగిన పీటర్ క్లైన్‌తో ఎంగేజ్‌మెంట్ అయింది. పెళ్లయ్యాక అక్కడే ఉందామనుకున్నారు, అందుకని యూనివర్సిటీ ఆఫ్ కనెక్టికట్‌కి కాలిఫోర్నియా నుంచే అప్లై చేసింది. మే నెలాఖరులో సీటు వచ్చింది. నిన్ను ఇన్‌స్టేట్ స్టూడెంట్‌గానే చూస్తాం అని యూనివర్సిటీ వాళ్లే చెప్పారు. జూన్ 26న పెళ్లి. తర్వాత స్టోర్స్ అనే ఊళ్లో కాపురం పెట్టారు, యూనివర్సిటీ ఉన్న ఊరు అదే. డ్రైవింగ్ లైసెన్స్ కనెక్టికట్‌ది, కారు రిజిస్ట్రేషన్ కనెక్టికట్‌ది, ఓటు కనెక్టికట్‌లో. ఈలోగా కొత్త చట్టం వచ్చేసింది. అడ్మిషన్స్ డైరెక్టర్ జాన్ వ్లాండిస్ ఆ చట్టం ప్రకారం ఆమెని అవుటాఫ్ స్టేట్ అని రాశారు. ఎందుకంటే అప్లికేషన్ కవరు మీద కాలిఫోర్నియా అడ్రస్ ఉంది.

ఆ చట్టం అక్షరాన్ని బట్టి ఆలోచించండి. ఇదే క్లైన్ దంపతులు ముందు కనెక్టికట్ వచ్చి, మర్నాడు అక్కడి పోస్టాఫీసు నుంచి అప్లికేషన్ పంపి ఉంటే ఆవిడ ఇన్‌స్టేట్. కాలిఫోర్నియాలో పోస్ట్ చేసింది కాబట్టి నాలుగేళ్లూ అవుటాఫ్ స్టేట్. మనిషి అదే, ఇల్లు అదే, మొగుడు అదే. ఏ ఊరి తపాలా డబ్బాలో వేసిందన్నదే తేడా.

ఆవిడతో పాటు కేసు వేసిన రెండో అమ్మాయి పాట్రీషియా కటపానో. పెళ్లి కాలేదు, గ్రాడ్యుయేట్ స్టూడెంట్. 1971 జనవరిలో ఒహాయో నుంచి అప్లై చేసి, ఆగస్టులో మకాం మార్చేసింది. లైసెన్సూ, కారూ, ఓటూ అన్నీ కనెక్టికట్‌వే. రెండో సెమిస్టర్‌కి వీళ్లు 425 డాలర్ల ట్యూషన్, ఇంకో 200 బయటివాళ్ల ఫీజు, మొత్తం 625 కట్టాల్సి వచ్చింది. పక్క సీటులో ఇన్‌స్టేట్ అమ్మాయి కట్టింది 175.

వీళ్లు అడిగింది ఏంటో గమనించండి, ఎందుకంటే ఈ కేసుని చాలామంది తప్పుగా చెప్తారు. బయటివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోకూడదని వీళ్లు అనలేదు. ఏడాది ఉండాలనే షరతు తప్పనీ అనలేదు. "మేము ఇక్కడివాళ్లమే అని నిరూపించుకునే ఛాన్స్ ఇవ్వండి" అన్నారు, అంతే.

1973 జూన్ 11న వ్లాండిస్ వర్సెస్ క్లైన్ తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలు అమ్మాయిల వైపు, ముగ్గురు వ్యతిరేకం. తీర్పు రాసింది జస్టిస్ పాటర్ స్టువర్ట్. ఒక మనిషి గురించి ప్రభుత్వం ఒక ఊహ చేసుకుని, అది తప్పని చూపించే దారి కూడా మూసేస్తే, అది రాజ్యాంగం ఇచ్చిన డ్యూ ప్రాసెస్‌కి విరుద్ధం అన్నారు. తన నిజమైన నివాసులకి తక్కువ ఫీజు ఇచ్చుకునే హక్కు స్టేట్‌కి ఉందని కూడా అదే తీర్పులో రాశారు. మిన్నెసోటాలో ఏడాది షరతుని 1970లో కింది కోర్టు సమర్థిస్తే, 1971లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ షరతు జోలికి కూడా పోలేదు.

ఈ తీర్పు గెలుపే, కానీ ఇందులో ఒక పేరా తర్వాతి యాభై ఏళ్ల స్టూడెంట్ల జీవితాన్ని రాసేసింది అని నాకనిపిస్తుంది. నిజమైన నివాసి ఎవరో ఎలా తేల్చాలి అన్నదానికి కోర్టు, కనెక్టికట్ అటార్నీ జనరల్ ఇచ్చిన ఒక అభిప్రాయాన్ని ఉదాహరణగా తీసుకుంది. ఏడాది పొడవునా అక్కడ ఉంటున్నాడా, ఓటు ఎక్కడ, ట్యాక్స్ రిటర్న్ ఎక్కడ వేస్తున్నాడు, ఆస్తి ఉందా, లైసెన్స్ ఎక్కడిది, కారు నంబర్ ఎక్కడిది, పెళ్లయిందా, సెలవుల్లో ఎక్కడ పని చేస్తున్నాడు. ఇవాళ అమెరికాలో ఏ యూనివర్సిటీ రెసిడెన్సీ ఫారం తెరిచినా కనిపించే ప్రశ్నలు ఇవే. ఇద్దరమ్మాయిల గెలుపు ఒక చెక్‌లిస్టుగా మారిపోయింది. ఆ ఫారం నింపే పిల్లల్లో ఎంతమందికి క్లైన్ పేరు తెలుసో మరి.

తర్వాత స్టేట్‌లు ఏం చేశాయంటే, తలుపు మూయలేం కాబట్టి గడప ఎత్తు పెంచాయి. మొదటిది, "చదువు కోసమే వచ్చినవాడు వచ్చినట్టు కాదు" అనే సూత్రం. ఫుల్‌టైమ్ క్లాసుల్లో ఉన్నావంటే చదువు కోసమే వచ్చావని అనుకుంటాం, కాదని నువ్వే చూపించు అంటారు. రెండోది డబ్బు. ఇండిపెండెంట్ స్టూడెంట్ అనే మాటకి అసలు బరువు ఇక్కడ పడింది. నాన్న ఇల్లే నీ ఇల్లు అని చట్టం అనలేకపోయింది కానీ, "నాన్న డబ్బుతో బతుకుతున్నావా?" అని అడగొచ్చు కదా. నాన్న ముందు గుమ్మంలోంచి వెళ్లి పెరటి గుమ్మంలోంచి మళ్లీ వచ్చాడన్నమాట.

కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్‌లో దీనికి కొలతలు కూడా ఉన్నాయి. తల్లిదండ్రులు తమ ట్యాక్స్‌లో నిన్ను డిపెండెంట్‌గా చూపించారా? ఏడాదికి 750 డాలర్ల కంటే ఎక్కువ ఇచ్చారా? వాళ్లింట్లో ఏడాదిలో ఆరు వారాల కంటే ఎక్కువ ఉన్నావా? దరఖాస్తు పెట్టిన ఏడాదే కాదు, దానికి ముందు మూడేళ్ల లెక్క కూడా చూస్తారు. నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా, ఆరు వారాలు దాటిందేమో అని క్యాలెండర్ చూసుకుంటూ అమ్మ చేతి అన్నం తింటున్న పిల్లాడు గుర్తొస్తాడు. ఇంటికి దూరంగా ఉన్నవాడికే ఇక్కడివాడు అనే సర్టిఫికెట్ వస్తుంది.

ఫెడరల్ ప్రభుత్వం తన ఆర్థిక సాయం కోసం ఇంకో గీత గీసింది. 1986 సవరణల్లో 24 ఏళ్లు దాటినవాళ్లు ఆటోమేటిక్‌గా ఇండిపెండెంట్ అన్నారు. సైన్యంలో చేసినవాళ్లు, అమ్మానాన్న లేనివాళ్లు కూడా. మిగతావాళ్లు సొంత ఆదాయం చూపించాలి. 1992లో ఆ ఆదాయం దారి కూడా తీసేశారు. ఇది ఫెడరల్ సాయానికి పెట్టిన రూల్ అయినా, 24 అనే అంకె చాలా స్టేట్‌ల రెసిడెన్సీ రూల్స్‌లోకి కూడా పాకింది. సో, 18కే దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చగలవు, యుద్ధానికి వెళ్లగలవు, కానీ నీ ఇల్లు ఏదో నువ్వు చెప్తే నమ్మడానికి ఇంకో ఆరేళ్లు కావాలి.

సంక్షేమ సాయానికి ఏడాది షరతు చెల్లనప్పుడు చదువుకి ఎందుకు చెల్లుతుంది? దీనికి సుప్రీంకోర్టు 1999లో సాయెంజ్ వర్సెస్ రో కేసులో ఒక కారణం చెప్పింది. సాయంగా ఇచ్చిన డబ్బు అక్కడే తిండికి ఖర్చయిపోతుంది. డిగ్రీ అలా కాదు, తీసుకుని సొంతూరికి వెళ్లిపోవచ్చు, కాబట్టి వచ్చినవాడు నిజంగా ఉండడానికే వచ్చాడా అని చూసుకోవడం సమంజసం. లాజిక్ బాగానే ఉంది. కానీ అదే స్టేట్‌లో పుట్టి, తక్కువ ఫీజుకి చదివి, మర్నాడే వేరే స్టేట్‌కి ఉద్యోగానికి వెళ్లేవాడిని ఎవరూ ఆపట్లేదు కదా.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. మేరీల్యాండ్ యూనివర్సిటీలో 1970ల్లో హువాన్ కార్లోస్ మొరెనో అనే కుర్రాడూ మరికొందరూ చదివేవాళ్లు. వాళ్ల కుటుంబాలు జీ-4 వీసా మీద ఉన్నాయి, అంటే ప్రపంచ బ్యాంక్ లాంటి అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసేవాళ్ల వీసా. మీ వీసా తాత్కాలికం, కాబట్టి మీకు ఇక్కడ స్థిరనివాసం అనేదే ఉండదు అని యూనివర్సిటీ అంది. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1978లో కోర్టు వీసా చట్టాన్ని లైన్ బై లైన్ చదివింది. కొన్ని వీసాలకి "స్వదేశంలో ఇల్లు ఉండాలి, దాన్ని వదిలే ఉద్దేశం ఉండకూడదు" అని కాంగ్రెస్ రాసింది. జీ-4కి అలా రాయలేదు. మేరీల్యాండ్ పై కోర్టుని అడిగితే, 1979లో వాళ్లూ జీ-4 వాళ్లకి ఇక్కడ స్థిరనివాసం ఉండొచ్చనే చెప్పారు. యూనివర్సిటీ అప్పటికి మాట మార్చేసింది: మాకు స్థిరనివాసం ఒక్కటే కాదు, వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఆ ఉద్యోగుల జీతాలకి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా అంది. 1982లో కోర్టు అదీ ఒప్పుకోలేదు. విదేశీయుల్ని ఏ షరతులతో ఉండనివ్వాలో తేల్చేది కేంద్రం, దాని మీద స్టేట్ యూనివర్సిటీ కొత్త భారం వేయకూడదు అంది.

ఎఫ్-1 మీద వెళ్లే మన విద్యార్థికి దారి మూసుకుపోయేది సరిగ్గా ఈ లైన్ దగ్గరే. ఎఫ్-1 నిర్వచనంలోనే ఆ వాక్యం ఉంది: స్వదేశంలో ఇల్లు, దాన్ని వదిలే ఉద్దేశం లేకపోవడం. వీసా ఇంటర్వ్యూలో "చదువయ్యాక ఇండియా వచ్చేస్తా" అని చెప్పి, యూనివర్సిటీ ఫారంలో "ఇక్కడే ఉండిపోతా" అని రాస్తే రెండూ పొసగవు. ఏడాది కాదు, అయిదేళ్లున్నా అంతే. మరి టెక్సాస్‌లో ఉన్న సీనియర్ ఇన్‌స్టేట్ ఫీజే కడుతున్నాడు కదా అంటారా? అది రెసిడెన్సీ కాదు. అక్కడ యూనివర్సిటీ పోటీ పెట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే ఇన్‌స్టేట్ రేటుకి మినహాయింపు ఇచ్చే చట్టం ఉంది. టీఏ, ఆర్ఏ వచ్చినవాళ్లకి చాలాచోట్ల ఇచ్చే తగ్గింపు కూడా అలాంటిదే. మనం అడగాల్సింది వీటి గురించి.

హెచ్-1బీ వాళ్ల కథ వేరు. 1990 ఇమ్మిగ్రేషన్ చట్టం వాళ్లకి ఆ స్వదేశంలో ఇల్లు అనే షరతు తీసేసింది. అందుకే హెచ్-4 మీద ఉన్న వాళ్ల పిల్లలకి చాలా స్టేట్‌లలో తల్లిదండ్రుల నివాసం బట్టి ఇన్‌స్టేట్ ఫీజు వస్తుంది. కానీ 21 నిండగానే హెచ్-4 అయిపోతుంది. గ్రీన్‌కార్డ్ క్యూ చూస్తే ఇండియాలో పుట్టినవాళ్లకి కదలదు. మూడేళ్ల వయసులో వెళ్లి, అక్కడే ఎల్‌కేజీ నుంచి చదివిన అమ్మాయి, థర్డ్ ఇయర్‌లో ఎఫ్-1కి మారాల్సి వస్తే, ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో ఆమె ఇల్లు ఎక్కడో గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండాలి. ఆమెకి అక్కడ గుర్తున్నది అమ్మమ్మ ఇంటి గేటు మాత్రమే కావచ్చు. ఆమె ఇన్‌స్టేట్ హోదా ఏమవుతుందనేది స్టేట్‌ని బట్టి, యూనివర్సిటీని బట్టి మారుతుంది. క్లైన్ అడిగిన ప్రశ్నే ఈ పిల్లలూ అడుగుతున్నారు, కాకపోతే వీళ్లకి అడ్డు వచ్చేది స్టేట్ చట్టం కాదు, ఫెడరల్ వీసా.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. మనకి ఇదేదో అమెరికా వింత అనిపించక్కర్లేదు. 1955లోనే డీపీ జోషి అనే ఢిల్లీ విద్యార్థి ఇండోర్ మెడికల్ కాలేజీ మీద మన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. మధ్యభారత్ వాళ్లకి లేని క్యాపిటేషన్ ఫీజు నాకెందుకు అని. పుట్టిన చోటు బట్టి వివక్ష చూపకూడదు కానీ నివాసం బట్టి చూపొచ్చు అని కోర్టు కాలేజీనే సమర్థించింది. ఇక వ్లాండిస్ తీర్పు వచ్చిన 1973లోనే, మూడు నెలల తర్వాత, ముల్కీ గొడవలూ జై ఆంధ్ర ఉద్యమమూ అయ్యాక మనకి ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్నుంచే 371-డి, 1974 ప్రెసిడెన్షియల్ ఆర్డరు. 85 శాతం సీట్లు లోకల్‌కి, లోకల్ అంటే ప్రధానంగా క్వాలిఫయింగ్ పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు అక్కడ చదివినవాడు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర అని మూడు ప్రాంతాలు. అమెరికావాడు "నీ ఉద్దేశం ఏంటి" అని అడిగాడు, మనవాడు "స్టడీ సర్టిఫికెట్ ఏది" అని అడిగాడు. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ఆరో క్లాసు నుంచి సర్టిఫికెట్ల కోసం పాత స్కూళ్ల చుట్టూ తిరిగినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ముల్కీ రూల్స్ కథ నిజాం కాలం నుంచి మొదలుపెట్టాలి, అందులో 15 ఏళ్ల నివాసం అనే షరతు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అది వచ్చే ఎపిసోడ్‌లో.